డాక్టర్ చీటీ ఉంది కదా, గంజాయి మందు విమానంలో తీసుకెళ్ళొచ్చా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం గంజాయి మందుల గురించే ఉన్నాయి, అందుకని షుగర్ గురించీ థైరాయిడ్ గురించీ పంపినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. ఇక్కడ రాసేదంతా జబ్బు ఉండి డాక్టర్ సలహాతో వాడుకుంటున్నవాళ్ళ కోసం. ఎవరి పేర్లూ వేయట్లేదు, కారణం మీకే తెలుసు.

ప్రశ్న: మేడమ్, మేం న్యూజెర్సీలో ఉంటాం, నేను హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డ్ ఇంకా క్యూలోనే ఉంది. నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల జబ్బు. రాత్రి అయితే చాలు కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి. న్యూరాలజిస్టు ఇచ్చే మందులతో పాటు స్టేట్ మెడికల్ కార్డు మీద టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉన్న గమ్మీలు, అంటే జెల్లీ మిఠాయిల్లాంటివి, తీస్కుంటున్నా, అవి వేస్కుంటేనే నిద్ర. మా తమ్ముడి పెళ్ళి విజయవాడలో, నెల రోజులు ఉండాలి, దుబాయ్ మీదుగా టికెట్లు చూశాం. మా ఆయనేమో చెకిన్ సూట్‌కేసులో విటమిన్ డబ్బాల మధ్య పడేయ్ ఎవరు చూస్తారు అంటారు. నాకు భయంగా ఉంది. డాక్టర్ లెటర్, కార్డు, ఒరిజినల్ డబ్బా మూడూ దగ్గర పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. మూడు కాదు, ఫైలంతా పెట్టుకున్నా సరిపోదు. మీ ఆయనకి ఈ పేజీ చూపించండి.

మీ దగ్గరున్న కార్డు న్యూజెర్సీ రాష్ట్రం ఇచ్చింది, అది న్యూజెర్సీ గడప దాకానే. అమెరికా ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటి చట్టం, 1970 లో గంజాయిని అన్నిటికన్నా కఠినమైన షెడ్యూల్ 1 లో పెట్టింది, అందుకే అక్కడ డాక్టర్లు మామూలు మందుల్లాగా దీనికి ప్రిస్క్రిప్షన్ రాయలేరు, ఈ పేషెంటుకి పనికొస్తుంది అని సిఫార్సు మాత్రమే చేస్తారు, దాని మీద రాష్ట్రం కార్డు ఇస్తుంది. నెవార్క్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ వాళ్ళు పనిగట్టుకుని గంజాయి కోసం వెతకరు, నిజమే, ఆ మాట వాళ్ళే చెప్తారు, కానీ కంట పడితే మాత్రం పోలీసులకి అప్పజెప్తాం అని కూడా వాళ్ళే చెప్తారు. చాలామంది మొదటి సగం విని రెండో సగం వినరు.

తర్వాత దుబాయ్. మనం బయటికి వెళ్ళట్లేదు కదా, ట్రాన్సిట్ లాంజ్‌లో మూడు గంటలు కూర్చుని వచ్చేస్తాం కదా అనుకుంటారు. విమానం దిగిన క్షణం నించి మీరు యూఏఈ చట్టం కింద ఉన్నట్టే. అక్కడ మెడికల్ గంజాయి అన్న వ్యవస్థే లేదు, టీహెచ్‌సీ లేని సీబీడీ (గంజాయి మొక్కలోనే ఉండే మత్తు లేని పదార్థం) ఆయిల్ కూడా కుదరదు. 2021 లో చట్టం మార్చారు, మొదటిసారి సొంతానికి టీహెచ్‌సీ ఉన్న తినే వస్తువులతో దిగినవాళ్ళ విషయంలో కొంచెం మెత్తబడ్డారు, సరుకు లాక్కుని నాశనం చేస్తారు అని వార్తలొచ్చాయి, అది చూసి కొంతమంది ధైర్యంగా మాట్లాడుతున్నారు. అది వాళ్ళు చూపించే దయే గానీ మీకిచ్చిన పర్మిషన్ కాదు. పెళ్ళికి వెళ్తూ ఆ దయ మీద ఆధారపడతారా చెప్పండి. ఇంకోటి, నెర్వ్ పెయిన్ కోసం చాలామంది వేస్కునే ప్రెగాబాలిన్, నొప్పులకి వాడే ట్రమడాల్ కూడా అక్కడ కంట్రోల్డ్ లిస్టులో ఉన్నాయి, అవి ఉంటే ముందే అక్కడి ప్రభుత్వానికి అప్లై చేసి పర్మిషన్ తెచ్చుకోవాలి.

ఇక మన దేశం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, చరస్ అంటే దాని బంక, ఈ రెంటితో కలిపి చేసింది ఏదైనా అదే లెక్క. బయటి దేశం నించి తెస్తే 23వ సెక్షన్, అంటే దిగుమతి. గంజాయి అయితే కిలో వరకు, చరస్ అయితే 100 గ్రాముల వరకు చిన్న మొత్తం అంటారు, దానికి ఏడాది దాకా జైలు లేదా 10 వేల దాకా జరిమానా లేదా రెండూ. మా గమ్మీలో మందు 5 మిల్లీగ్రాములే కదా అంటారేమో, 2020 లో హీరా సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఏం చెప్పిందంటే కలిపిన పదార్థం బరువంతా లెక్కలోకి వస్తుంది అని. అంటే చక్కెర, జెలటిన్ అన్నీ కలిపి తూకం వేస్తారు. నెలకి సరిపడా గమ్మీల డబ్బా ఎంత తూగుతుందో మీరే చూస్కోండి. చట్టంలో వైద్య అవసరాలకి మినహాయింపు అని ఒక మాట ఉంది, దాన్ని పట్టుకుని వాదించేవాళ్ళున్నారు, కానీ ఆ మినహాయింపు ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన దారిలో వస్తేనే, మీ సూట్‌కేసు ఆ దారి కాదు. అమెరికా డాక్టర్ లెటర్ చూపిస్తే శంషాబాద్ కస్టమ్స్ వాళ్ళు చదివి వెనక్కిచ్చేస్తారు, మిమ్మల్ని మాత్రం పక్కకి రమ్మంటారు.

చిన్న మొత్తమే కదా ఏం చేస్తారులే అనిపిస్తే రష్యాలో జరిగిన రెండు సంగతులు గుర్తు చేస్కోండి. బాస్కెట్‌బాల్ ప్లేయర్ బ్రిట్నీ గ్రైనర్ 2022 ఫిబ్రవరిలో మాస్కో ఎయిర్‌పోర్టులో దొరికింది, బ్యాగులో ఉన్నది వేప్ కాట్రిడ్జిల్లో 0.7 గ్రాముల నూనె. నొప్పులకి అరిజోనా డాక్టర్ రాసిన సిఫార్సు ఉందని కోర్టులో చెప్పుకుంది, 9 ఏళ్ళు వేశారు. ఆ డిసెంబర్‌లో అమెరికా తన జైల్లో ఉన్న ఒక రష్యా ఆయుధాల వ్యాపారిని వదిలితే గానీ ఆమెని వదల్లేదు. ఆమె కోసం ప్రెసిడెంటే మాట్లాడాడు. ఆమెకన్నా ముందే, 2021 ఆగస్టులో, మార్క్ ఫోగెల్ అనే స్కూలు టీచర్ అదే ఎయిర్‌పోర్టులో దొరికాడు, వెన్ను ఆపరేషన్ల తర్వాత నొప్పికి వాడే గంజాయి, 17 గ్రాములు. ఆయనకి 14 ఏళ్ళు వేశారు. 2025 ఫిబ్రవరి దాకా బయటికి రాలేదు. ఇద్దరి దగ్గరా డాక్టర్ మాట ఉంది, ఇద్దరికీ అది ఎందుకూ పనికి రాలేదు.

మీకు ఇంకో చిక్కు ఉంది, నా ఉద్దేశంలో జైలు కన్నా ముందు దీని గురించి ఆలోచించాలి. మీరు హెచ్1బీ. తిరిగి వెళ్ళేటప్పుడు నెవార్క్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు నిలబడాలి. అమెరికా పౌరులు కానివాళ్ళకి డ్రగ్స్ విషయంలో కేసు, శిక్ష ఏమీ లేకపోయినా, నేను వాడాను అని ఒప్పుకోవడమే ప్రవేశానికి అడ్డం పడొచ్చు, రాష్ట్రంలో లీగలే కదా అన్నది అక్కడ చెల్లదు. సిటిజన్‌షిప్ దాకా వెళ్ళినవాళ్ళకి కూడా 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెప్పింది, రాష్ట్రం ఒప్పుకున్న గంజాయి అయినా సరే సత్ప్రవర్తన లెక్కలో తేడా కొడుతుంది అని. మన తెలుగువాళ్ళల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో, వీకెండ్ పార్టీల్లో ఫొటోలు దిగి పెట్టేవాళ్ళని చూస్తే తెలీదనే అనిపిస్తుంది. అందుకని టికెట్ బుక్ చేసే ముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో గంట కూర్చోండి, మీరు కార్డు తీస్కున్న సంగతి దాచకుండా చెప్పండి, అడిగితే ఏం చెప్పాలి అన్నది ఆయన చెప్తారు. అబద్ధం మాత్రం చెప్పొద్దు, ఆఫీసర్‌తో అబద్ధం చెప్పడం విడిగా ఇంకో తప్పు అవుతుంది.

మరి నెల రోజులు ఎలా? దీనికి దారి ఉంది. ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే మీ న్యూరాలజిస్టుకి చెప్పండి, ఇండియాలో ఉన్నన్ని రోజులు గమ్మీలు ఉండవు, బిగుసుకుపోడానికి వేరే ఏర్పాటు చేయండి అని. బాక్లోఫెన్, టిజానిడిన్ ఈ రెండూ దీనికి వాడేవే, ఇండియాలో మెడికల్ షాపుల్లో దొరికేవే. ఇప్పటికే వేస్కుంటుంటే డోసు సర్దుతారు. రోజూ గమ్మీ అలవాటైనవాళ్ళు ఒక్కసారిగా ఆపితే మొదటి వారం నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి చచ్చిపోవడం ఉంటాయి, రెండు వారాలకి చాలావరకు సర్దుకుంటుంది, అందుకే ఆ రెండు వారాలేవో న్యూజెర్సీలో మీ ఇంట్లోనే గడిచిపోయేట్టు ముందునించీ మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, పెళ్ళింట్లో పసుపు దంచే రోజున కాదు. బాక్లోఫెన్‌తో ఒక జాగ్రత్త, అది ఠక్కున ఆపకూడదు, ఫిట్స్ రావొచ్చు, కాబట్టి హ్యాండ్ బ్యాగులో సగం, సూట్‌కేసులో సగం పెట్టుకోండి, లగేజీ పోయినా ఇబ్బంది ఉండదు. మామూలు మందులు ఇండియాకి తెచ్చుకోడానికి సొంత వాడకం అయితే ఒక్కో మందు 100 డోసుల వరకు లగేజీలో రావొచ్చు అని డ్రగ్స్ రూల్స్‌లో ఉంది, నెలకి అది చాలు, ప్రిస్క్రిప్షన్ మీద మందు అసలు పేరు కూడా రాయించుకోండి, బ్రాండ్ పేరు ఇక్కడ ఎవరికీ తెలీదు.

ముహూర్తం ఎప్పుడో మీరు రాయలేదు. మే నెల అయితే చెప్తున్నా, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళకి ఒళ్ళు వేడెక్కితే కాళ్ళు ఇంకా మొండికేస్తాయి, కళ్ళు మసకలేస్తాయి, విజయవాడ ఎండ గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. కల్యాణ మంటపంలో ఏసీ ఉన్న గది ఒకటి మీకోసం ఉంచమని తమ్ముడికి ఇప్పుడే చెప్పండి, అత్తగారికి అసలు జబ్బు సంగతి చెప్పారో లేదో గానీ అదైనా చెప్తే మధ్యాహ్నం పడుకున్నందుకు మాట పడకుండా ఉంటుంది. వీలైతే దుబాయ్ మానేసి నెవార్క్ నించి ఢిల్లీకి నాన్‌స్టాప్ చూస్కోండి. ఏ దారిన వచ్చినా సరే, రోజూ వాడే హ్యాండ్ బ్యాగు కాకుండా వేరేది తెచ్చుకోండి, అడుగున రాలిపడిన గమ్మీ ఒకటి ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది, పర్సులో, జాకెట్ జేబులో, పిల్లల స్నాక్స్ డబ్బాలో కూడా.

ప్రశ్న: నేను అమెరికాలోనే ఒక రాష్ట్రం నించి డాలస్‌లో అక్క వాళ్ళింటికి వెళ్తుంటా, డొమెస్టిక్ ఫ్లైటే. వెన్ను నొప్పికి మెడికల్ కార్డు ఉంది. దేశం దాటట్లేదు కదా, పర్లేదా?

జవాబు: దేశం దాటట్లేదు, టెక్సాస్‌లోకి వెళ్తున్నారు. అక్కడ వేరే రాష్ట్రం కార్డు చెల్లదు. వాళ్ళకి 2015 నించి ఒక మెడికల్ ప్రోగ్రాం ఉంది గానీ అది తక్కువ టీహెచ్‌సీ మందులకి, అదీ టెక్సాస్‌లో ఉండేవాళ్ళకి. మనవాళ్ళకి తెలీని సంగతి ఇంకోటుంది, టెక్సాస్‌లో ఎండు గంజాయి కొంచెం దొరికితే చిన్న నేరం, అదే టీహెచ్‌సీ గమ్మీ గానీ వేప్ నూనె గానీ అయితే గ్రాము లోపున్నా ఫెలనీ, అంటే పెద్ద నేరం, 180 రోజుల నించి రెండేళ్ళ దాకా. అంటే ఆకు కన్నా మిఠాయి ప్రమాదం. నెవాడా, అరిజోనా లాంటి కొన్ని రాష్ట్రాలు బయటి పేషెంట్ల కార్డులు ఒప్పుకుంటాయి, అయినా విమానంలో మోసుకెళ్ళడం ఫెడరల్ చట్టంలో తప్పే. డాలస్‌కి ఉత్త చేతులతో వెళ్ళండి, నొప్పికి డాక్టర్ వేరే మందు రాసిస్తారు.

ప్రశ్న: మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ అండీ. క్రానిక్ పెయిన్‌కి ఇక్కడి డాక్టర్ మెడికల్ గంజాయి రాశారు, ఫార్మసీలోనే తీస్కుంటా. పేరెంట్స్ నెల్లూరు నించి వస్తున్నారు, వాళ్ళని ఇటలీ, పారిస్, స్విట్జర్లాండ్ తిప్పుదామని. మందు ఆపితే నడవలేను. జర్మనీలో లీగల్ అయింది కదా ఇప్పుడు, అలాగే తీస్కెళ్ళిపోనా?

జవాబు: ఈ నెల వచ్చినవాటిల్లో "వెళ్ళొచ్చు" అని చెప్పగలిగింది మీకొక్కరికే. అలాగే తీస్కెళ్ళిపోకండి, కాగితం చేయించుకుని వెళ్ళండి.

జర్మనీలో 2017 నించి డాక్టర్లు రాస్తున్నారు, 2024 ఏప్రిల్ నించి అసలు నార్కోటిక్స్ చట్టం లోంచే తీసేశారు. కానీ పక్క దేశాలకి అది ఇంకా నార్కోటిక్కే. షెంగెన్ (మధ్యలో సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాలు) ఒప్పందం 75వ ఆర్టికల్ కింద ఒక సర్టిఫికెట్ ఉంది, ఆ దేశాల్లో నివాసం ఉండి అక్కడి డాక్టర్ రాసిన మందు వాడేవాళ్ళు 30 రోజులకి సరిపడా పట్టుకుని షెంగెన్ దేశాల్లో తిరగొచ్చు. ఫారం జర్మనీ మందుల సంస్థ సైటులో దొరుకుతుంది, ఆ సంస్థ పేరు BfArM, బీఫామ్ అని పలుకుతారు అక్కడ. అది మీ డాక్టర్ నింపి సంతకం పెట్టాలి, తర్వాత మీ రాష్ట్రం నియమించిన ఆరోగ్య ఆఫీసు ముద్ర వెయ్యాలి. ముద్ర లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు, చాలామంది డాక్టర్ సంతకంతో ఆపేస్తారు. ఒక మందుకి ఒక ఫారం, పువ్వు, నూనె రెండూ వాడుతుంటే రెండు ఫారాలు. 30 రోజులు దాటితే మళ్ళీ కొత్తది. ట్రిప్పుకి మరీ ముందు చేయించుకుంటే గడువు అయిపోతుంది, మరీ చివర్లో వెళ్తే ఆఫీసు వాళ్ళు టైం ఇవ్వరు, జర్మనీ ఆఫీసుల సంగతి మీకు నేను చెప్పాలా.

స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంగెన్‌లో ఉంది కాబట్టి మీ మూడు చోట్లా నడుస్తుంది. లండన్ కూడా చూపిద్దాం అని అమ్మావాళ్ళు అంటే మాత్రం అది షెంగెన్ కాదు, ఐర్లాండ్ కాదు, టర్కీ కాదు, వాటికి వేరే లెక్క. మందు ఫార్మసీ డబ్బాలోనే ఉంచండి, లేబుల్ పీకొద్దు, మీరే మోయండి, నాన్నగారి బ్యాగులో సర్దొద్దు, సర్టిఫికెట్ మీద ఉన్న పేరు మీది. పారిస్ హోటల్ బాల్కనీలో వేపరైజర్ పెట్టి పీల్చొద్దు, మోసుకెళ్ళే హక్కు ఉంది గానీ నలుగురిలో వాడే హక్కు గురించి ఆ సర్టిఫికెట్‌లో ఏమీ లేదు. అక్కణ్ణించి నెల్లూరు వచ్చేటప్పుడు ఆ కాగితం చించినా ఒకటే ఉంచినా ఒకటే, పైన న్యూజెర్సీ ఆవిడకి చెప్పిందే మీకూ.

ప్రశ్న: అమ్మా, నాది గుంటూరు, 61 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులకి ఆయుర్వేద డాక్టరు గారు విజయ అనే తైలం రాశారు, నాలిక కింద చుక్కలు వేస్కుంటా, బాగానే ఉంది. బిల్లు, చీటీ అన్నీ ఉన్నాయి. మా అమ్మాయి పురిటికి సింగపూర్ వెళ్తున్నా. ఇది ఆయుర్వేదం మందే కదా, ఇబ్బంది లేదుగా?

జవాబు: తల్లీ, ఆ సీసా గుంటూరులోనే వదిలి వెళ్ళండి. విజయ అంటే గంజాయి మొక్క ఆకు. మన చట్టంలో ఆకు, గింజ గంజాయి కిందకి రావు, అందుకే లైసెన్సు ఉన్న ఆయుర్వేద కంపెనీలు ఆకుతో మందులు చేసి డాక్టర్ చీటీ మీద అమ్ముతున్నాయి, డ్రగ్స్ రూల్స్‌లో వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి అనే లిస్టులో అది ఉంది. మీరు చేసింది తప్పేం కాదు. కానీ ఆకులోనూ టీహెచ్‌సీ ఉంటుంది, సింగపూర్ వాళ్ళకి ఆకు, పువ్వు, ఆయుర్వేదం అన్న తేడాలు లేవు. గంజాయి 500 గ్రాములు దాటితే ఉరిశిక్ష వేసే దేశం అది. మీ సీసాకి ఉరి వెయ్యరు గానీ పురిటికి వెళ్ళిన తల్లి పోలీస్ స్టేషన్‌లో కూర్చుంటే అక్కడ అమ్మాయి గతేంటి. మీ అమ్మాయీ అల్లుడూ అక్కడ పర్మనెంట్ రెసిడెంట్లు అయితే ఇంకోటి కూడా తెలుసుకోవాలి, సింగపూర్ పౌరులు, పీఆర్ వాళ్ళు బయటి దేశంలో వాడి వచ్చినా అక్కడ నేరమే.

నొప్పికి పారాసిటమాల్, పైన రాసుకునే మందు, మోకాలి పట్టీ, ఇవి తీస్కెళ్ళండి. మీ బీపీ, షుగర్ మందులతో కుదురుతుందో లేదో చూసి డాక్టరు గారినే వేరేది రాయమనండి. పురిటి సామాన్లలో మసాలా పొడులు కూడా సర్దుతూ ఉంటారు కదా, అందులో గసగసాలు ఉంటే తీసెయ్యండి. సింగపూర్‌లోనూ, యూఏఈలోనూ గసగసాలు నిషేధం, అవి నల్లమందు మొక్క గింజలు మరి. కోడికూర మసాలా పొడి పట్టించేటప్పుడే చెప్పండి, గసాలు వెయ్యొద్దని.

ప్రశ్న: బ్యాంకాక్ వెళ్ళినప్పుడు మైగ్రేన్‌కి అక్కడి క్లినిక్‌లో డాక్టర్ చూసి గంజాయి రాసిచ్చాడు, రసీదు కూడా ఉంది. మిగిలింది హైదరాబాద్ తెచ్చుకుంటే?

జవాబు: తెచ్చుకోవద్దు. థాయిలాండ్ 2022 జూన్‌లో నార్కోటిక్స్ లిస్టు లోంచి గంజాయి తీసేసింది, వీధికో షాపు వచ్చింది, 2025 జూన్‌లో మళ్ళీ బిగించి డాక్టర్ చీటీ ఉంటేనే పువ్వు అమ్మాలి అన్నారు. ఆ చీటీ అక్కడ కొనుక్కోడానికి, బయటికి తీస్కెళ్ళడానికి కాదు. పైగా బ్యాంకాక్ నించి వచ్చే హైడ్రోపోనిక్ గంజాయి (మట్టి లేకుండా నీళ్ళలో పెంచేది) శంషాబాద్‌లో ఎన్నిసార్లు పట్టుకున్నారో మీరు పేపర్లో చూస్తూనే ఉన్నారు, చిప్స్ ప్యాకెట్లలో, చాక్లెట్ డబ్బాల్లో పెట్టి తెస్తున్నారు, అందుకే ఆ ఫ్లైట్ దిగినవాళ్ళ మీద కస్టమ్స్ వాళ్ళకి ప్రత్యేకంగా ఒక కన్ను ఉంటుంది. మీ మైగ్రేన్ కథ ఆ లైన్లో ఎవరూ వినరు.

ప్రశ్న: కాశీలో గవర్నమెంటు షాపుల్లోనే భంగు అమ్ముతారు, ఐక్యరాజ్య సమితే గంజాయి మందు అని ఒప్పుకుంది, మీరేమో ఇంత భయపెడుతున్నారు. ఎందుకు?

జవాబు: భంగు ఆకుతో చేసేది, పైన చెప్పినట్టు ఆకు ఎన్‌డీపీఎస్ కిందకి రాదు, అది రాష్ట్రాల ఎక్సైజ్ చేతిలో ఉంది, యూపీ, రాజస్థాన్‌లో లైసెన్సు షాపులున్నాయి. ఐక్యరాజ్య సమితిలో 2020 డిసెంబర్‌లో ఓటింగ్ జరిగింది, గంజాయిని మరీ ప్రమాదకరమైనవాటి లిస్టు నించి తీసేశారు, తీసెయ్యమని 27 ఓట్లు, వద్దని 25, ఇండియా కూడా తీసెయ్యమనే ఓటేసింది. కానీ కఠినంగా నియంత్రించాల్సిన మొదటి లిస్టులో అది ఇంకా ఉంది, ఏ దేశం చట్టం ఆ దేశానిదే. నా అభిప్రాయం అడిగితే నిజంగా బాధపడే పేషెంట్లకి దేశాలన్నీ కలిసి షెంగెన్ లాంటి కాగితం ఒకటి పెట్టొచ్చు. అది వచ్చేదాకా ఎయిర్‌పోర్టులో నా అభిప్రాయం చూపిస్తే వదలరు కదండీ.

ప్రశ్న: లండన్‌లో ఉంటాం. మా బాబుకి డ్రావే సిండ్రోమ్, చిన్నప్పట్నించీ వచ్చే ఫిట్స్ జబ్బు, ఎపిడయోలెక్స్, క్లోబాజమ్ అనే ఫిట్స్ మందులు రెండూ వాడుతున్నాం. ఎపిడయోలెక్స్ ప్యూర్ సీబీడీ, ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) డాక్టరే రాస్తారు. మూడు వారాలు హైదరాబాద్ రావాలి, మందు ఆపితే ఫిట్స్ ఆగవు. ఏం చెయ్యాలి?

జవాబు: మీ కేసు మిగతావాళ్ళలాంటిది కాదు, ఆపండి అని నేను అనలేను, ఫిట్స్ మందు ఆపకూడదు. బ్రిటన్‌లో ఎపిడయోలెక్స్‌ని 2020 లో బాగా తేలిక షెడ్యూల్లోకి మార్చారు. ఇండియా చట్టం మాత్రం బ్రిటన్ షెడ్యూల్ చూడదు. టికెట్ కొనకముందే లండన్‌లోని ఇండియన్ హై కమిషన్‌కి, ఢిల్లీలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకి, గ్వాలియర్‌లో ఉండే సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్‌కి మెయిల్ పెట్టండి. మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, బాబు పాస్‌పోర్టు నంబరు, డాక్టర్ లెటర్, తేదీలు అన్నీ పెట్టండి. రాతపూర్వకంగా పర్మిషన్ వస్తేనే కదలండి, ఫోన్లో ఎవరో పర్లేదు అన్నారని కాదు. రాకపోతే తాతయ్యా అమ్మమ్మలనే అక్కడికి పిలిపించుకోండి, ఇది కష్టంగా ఉంటుందని తెలుసు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే బ్రిటన్‌లోనే 2018 జూన్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. బిల్లీ కాల్డ్‌వెల్ అని ఫిట్స్ ఉన్న 12 ఏళ్ళ అబ్బాయి, వాళ్ళమ్మ షార్లెట్ కెనడాలో గంజాయి నూనె తీస్కుని, ఇదిగో తెచ్చాను అని హీత్రూలో తనే చెప్పి మరీ చూపించింది. లాక్కున్నారు. కొద్ది రోజుల్లో పిల్లాడు ఆస్పత్రి పాలయ్యాడు, హోం సెక్రటరీ సాజిద్ జావిద్ అత్యవసర లైసెన్సు ఇస్తే తిరిగి మందు వేశారు. ఆ గొడవతోనే అదే ఏడాది నవంబర్ 1 నించి అక్కడ స్పెషలిస్టులు రాయొచ్చు అని చట్టం మార్చారు. చట్టం మారడానికి ముందు ఆ పిల్లాడు ఆస్పత్రిలో గడపాల్సి వచ్చింది, మీ బాబుతో ఆ పరీక్ష వద్దు.

ప్రశ్న: జరగకూడదు గానీ, తెలియక పట్టుబడితే మొదట ఏం చెయ్యాలి?

జవాబు: బయటి దేశంలో అయితే మా ఎంబసీకి చెప్పండి అని అడగండి, 1963 వియన్నా ఒప్పందం 36వ ఆర్టికల్ ప్రకారం అది మీ హక్కు. ఎంబసీ వాళ్ళు వచ్చి కలుస్తారు, లాయర్ల లిస్టు ఇస్తారు, ఇంటికి కబురు చేస్తారు, విడిపించి తీసుకురాలేరు. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు, అనువాదకుడు కావాలి అనండి. జబ్బు సంగతి, వేస్కునే మిగతా మందుల సంగతి మొదటి గంటలోనే చెప్పండి, లోపల మందు అందకపోతే అదో ప్రమాదం. ఇండియాలో అయితే ఒంటిమీద సోదా చేసే ముందు గెజిటెడ్ ఆఫీసర్ గానీ మేజిస్ట్రేట్ గానీ ఉండాలని అడిగే హక్కు ఎన్‌డీపీఎస్ 50వ సెక్షన్‌లో ఉంది, అడగండి. ఓసీఐ కార్డు ఉన్న అమెరికా పౌరులు మనూరే కదా అనుకుంటారు, చట్టం ముందు మీరు విదేశీయులు, మీకు కబురు వెళ్ళాల్సింది నానక్‌రామ్‌గూడలో ఉన్న అమెరికన్ కాన్సులేట్‌కి, ఆ ఫోన్ నంబరు ఫోన్లోనే కాకుండా ఒక కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి, ఫోన్ ముందే లాక్కుంటారు.